తూకములో గంజాయి : మదరాసు రాజధాని అనుభవము, నేటి సొంత వాడుక ప్రశ్న

కోయంబత్తూరులో దివాన్ బహదూర్ రత్నసభాపతి మొదలియారు పేరిట వెలసిన ఆర్.ఎస్. పురము తెలుగువారికి పరాయి చోటు కాదు. చుట్టుపట్ల నల్లరేగడి పల్లెల నుండి వచ్చి యిచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడుచు శతాబ్దములుగా ఈ నేలను నమ్ముకొని బ్రతికినవారము మనము. ఇటీవల యొక మాట మనవారి చెవికి ములుకువలె తగులుచున్నది. అది “ఆంధ్రా గంజాయి” అను మాట. రైలులోనో లారీలోనో సరకు పట్టువడినదని వార్త వచ్చినప్పుడెల్ల ఈ రెండు పదములు జంటగా వినవచ్చుచున్నవి.

మరియొక వంక, కెనడాలోను అమెరికాలోను చదువుకొనుచున్న మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, అచ్చట ఆ సరకే దుకాణములలో రసీదుతో సహా దొరకునని చెప్పుచున్నారు. ఇచ్చట చెరసాల, అచ్చట రసీదు! పెద్దలు ఈ రెండింటిని పొసగించుకొనలేక కలత చెందుట సహజము. గంజాయిని సొంతమునకు వాడుకొనువానిని శిక్షింపవలెనా, విడువవలెనా, విడిచినచో ఏ నియమములకు లోబరుపవలెనా అను చర్చ మన దేశములో కూడ ఆరంభమైనది.

ఈ ప్రశ్న పడమటి దేశముల నుండి నిన్న మొన్న దిగుమతి యైనదని పలువురి తలంపు. అది సరికాదు. మన మదరాసు రాజధానిలోనే నూరేండ్లకు పూర్వము ఈ ప్రశ్న పుట్టినది, విచారింపబడినది, దానికి ఒక విధమైన సమాధానము కూడ చెప్పబడినది. ఆ సమాధానములో తెలుగు నేలకు ప్రత్యేకమైన పాత్ర కలదు. ఆ చరిత్రను వరుసగా చెప్పి, నేటి చర్చకు దానివలన కలుగు వెలుగును చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. మొక్క యొకటి, పేర్లు మూడు

ముందుగా మాటలను తేటపరచుకొనవలెను. మొక్క యొకటే యైనను దానినుండి వచ్చు సరకులు మూడు. ఆడుమొక్క పూమొగ్గల కొనలను ఎండబెట్టినది గంజాయి. ఆ కొనలనుండి స్రవించు జిగురును చేర్చి యుండగట్టినది చరసు. ఆకును నూరి పాలలోనో పానకములోనో కలిపి త్రాగునది భంగు. మత్తు కలిగించు పదార్థము జిగురులో మిక్కుటముగను, పూకొనలలో మధ్యమముగను, ఆకులో స్వల్పముగను ఉండును. ఆ పదార్థమును 1964లో ఇస్రాయేలు శాస్త్రజ్ఞులు రఫాయేల్ మెషూలం, యెహియేల్ గావొని శుద్ధరూపమున వేరుచేసి దాని నిర్మాణమును నిర్ణయించిరి.

మనవారికి ఈ మొక్క పురాతన పరిచయము. అథర్వవేదము పదునొకండవ కాండములో దుఃఖవిమోచనము కొరకు ప్రార్థింపబడిన ఓషధులలో భంగ పేరు కలదు. ఆయుర్వేదమున దీనికి విజయ యనియు పేరు. అట్లని పెద్దలు దీనిని మెచ్చుకొనిరని తలంపరాదు. “తులసివనములో గంజాయి మొక్క” అను సామెత తెలుగువారి నోట నేటికిని మెలగుచున్నది. మందుగా ఎరుగుట, సాధువుల చేతిలో సహించుట, ఇంటిబిడ్డ చేతిలో మాత్రము సహింపకుండుట: ఈ మూడును మన సంఘములో కలిసియే యుండెను. తరువాతి చట్టములన్నియు ఈ మూడింటి నడుమనే ఊగిసలాడినవి.

2. ఒకే రాజధాని, ఒకే ఆబ్కారి

1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు విజయనగర ప్రభువుల పక్షమున మధురకు వచ్చినది మొదలు, తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలివచ్చి పాలెములలోను పల్లెలలోను నిలిచినవి. మధుర రాజ్యము డెబ్బదిరెండు పాలెములుగా ఏర్పడినదని ప్రసిద్ధి. తిరుమల నాయకుని కాలము (1623–1659) ఆ వైభవమునకు పరాకాష్ఠ. 1736తో నాయకరాజ్యము ముగిసినది. కొంగునాడు మైసూరు వారి చేతికి పోయి, 1799లో టిప్పుసుల్తాను పతనమైన పిమ్మట కుంఫిణీ వశమైనది. 1801లో కర్ణాటక నవాబు సీమలు కూడ కుంఫిణీ పాలనలోనికి వచ్చినవి.

ఈ పాతకథ ఇచ్చట ఎందుకన్నచో, దాని ఫలితముగా కృష్ణాతీరపు తెలుగు పల్లెయు, కోయంబత్తూరు, మధురల తెలుగు పేటలును ఒకే మదరాసు రాజధానిలో చేరినవి. భూమిశిస్తు పద్ధతులు తావునకొక తీరుగ నున్నను ఆబ్కారి చట్టము మాత్రము ఒకటే. గంజాయి పండించినవాడు ఒకచోట, అమ్మినవాడు వేరొకచోట, పీల్చినవాడు మరియొకచోట నున్నను ముగ్గురును ఒకే చట్టమునకు లోబడియుండిరి. ఈ యేకత్వము 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు సాగెను.

ఆ చట్టము 1886 నాటి మదరాసు ఆబ్కారి చట్టము. సారా, కల్లులతో పాటు మత్తుమందులను కూడ అది తన పరిధిలో చేర్చుకొనెను. దాని మూలసూత్రము నేటివారికి ఆశ్చర్యము గొల్పును. సర్కారు ఒక పరిమాణమును ప్రకటించును. అంతకు మించిన సరకును లైసెన్సు లేనివాడు ఉంచుకొనరాదు. ఆ పరిమాణమునకు లోపల నున్నంతవరకు, లైసెన్సు గల దుకాణములో కొనినవాడు నేరస్థుడు కాడు. అనగా చట్టము అడిగిన ప్రశ్న “నీవు పీల్చితివా?” అని కాదు, “నీయొద్ద ఎంత యున్నది? ఎచ్చట కొంటివి?” అని. తక్కెడయే న్యాయాధిపతి యైనది.

3. 1893 నాటి విచారణ సంఘము

ఇట్లుండగా 1893 మార్చిలో ఇంగ్లండు పార్లమెంటు సామాన్యసభలో కెయిన్ అను సభ్యుడు గంజాయి విషయమై ప్రశ్న వేసెను. కెయిన్ మద్యనిషేధవాది. గంజాయి వలన ప్రజలు మతిచెడి పిచ్చాసుపత్రులు నిండుచున్నవని అప్పటి వాదము. ప్రశ్న బెంగాలును గూర్చినదే యైనను, భారతప్రభుత్వము దేశమంతటిని విచారింప నిశ్చయించి, ఆ సంవత్సరము జూలైలో ఒక సంఘమును నియమించెను. అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్. సభ్యులలో ముగ్గురు భారతీయులు: తాహిర్‌పూర్ రాజా శశిశేఖరేశ్వర రాయ్, కన్వర్ హర్నామ్ సింగ్, ముజఫర్‌నగర్ లాలా నిహాల్‌చంద్.

సంఘము 1193 మంది సాక్షుల వాఙ్మూలములను సేకరించినది. వైద్యులు, కలెక్టర్లు, మిషనరీలు, జమీందారులు, వర్తకులు, సాధువులు సాక్ష్యమిచ్చిరి. 1894 ఆగస్టులో నివేదిక పూర్తియైనది. పిచ్చాసుపత్రుల విషయమున సంఘము చేసిన పని ప్రత్యేకముగ గమనింపదగినది. 1892లో దేశములోని పిచ్చాసుపత్రులలో చేరినవారు 1344 మంది. రికార్డులలో 222 మందికి గంజాయి మొదలగునవి కారణమని వ్రాయబడియుండెను. సంఘము ఒక్కొక్క కేసును ఊరికి పోయి, బంధువులను అడిగి పరిశీలింపజేసినది. తేలిన సంఖ్య 98. అనగా నూటికి 7.3. మిగిలినవారి విషయమున, కారణము తెలియనప్పుడు పోలీసువాడో గుమస్తాయో గంజాయి పేరు వ్రాసి కాగితము నింపిన సందర్భములు పెక్కు. కాగితముపై ఎక్కిన మాట కాలక్రమమున లెక్కగా మారి, లెక్క సిద్ధాంతముగా మారుట ఎట్లో ఈ యుదాహరణము చూపుచున్నది.

సంఘము తేల్చిన సారమిది. మితమైన వాడుక సామాన్యముగ చెప్పుకొనదగిన కీడు చేయదు. అమితమైన వాడుక దేహమునకు, మనస్సునకు, నడవడికి చేటు. సంపూర్ణనిషేధము అవసరము కాదు, ఉచితమును కాదు. నిషేధించినచో జనులు అంతకంటె చెడ్డవైన మత్తులవైపు మరలుదురను భయము కూడ వారు వెలిబుచ్చిరి. చేయదగినవి యేవనగా: లైసెన్సు లేని సాగును ఆపుట, సాగును కొద్దిచోట్లకే పరిమితము చేయుట, తగినంత పన్ను విధించుట, దుకాణముల సంఖ్యను తగ్గించుట, ఒకడు ఉంచుకొనదగిన పరిమాణమునకు హద్దు పెట్టుట.

ఈ నివేదికను నేడు కొందరు వేదవాక్యముగ చూపుచున్నారు. అది తగదు. ఆ సంఘము కాలమున మనోవైద్యశాస్త్రము శైశవములో నుండెను. ఆబ్కారి రాబడి సర్కారునకు ముఖ్యమైన యాదాయము గనుక ప్రభుత్వమునకు ఈ విషయమున స్వార్థము లేకపోలేదు. అయినను, కోపముతోగాని జాలితోగాని కాక, సాక్ష్యముతో ఈ ప్రశ్నను తేల్చవలెనని పూనుకొన్న తొలి పెద్ద ప్రయత్నము అదియే. ఆ పద్ధతి మనకు ఆదర్శము. ఆ ఫలితమును మాత్రము మరల పరీక్షించుకొనవలెను.

4. దగ్గుబాడు పొలములు, జవ్వాది కొండలు

మదరాసు రాజధానిలో గంజాయి కొరకు చెప్పుకొనదగిన సాగు రెండుచోట్ల నుండెను. ఒకటి ఉత్తర ఆర్కాడు జిల్లా జవ్వాది కొండలు. రెండవది అప్పటి కృష్ణాజిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు ప్రాంతము. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ తాలూకా దానిలో చేరినది. నేడు దగ్గుబాడు బాపట్ల జిల్లా కారంచేడు మండలములో నున్నది.

బెంగాలులో రాజషాహి ప్రాంతపు నౌగావ్ వద్ద ఈ సాగు చిరకాలము నుండి సర్కారు కన్నుల యెదుట సాగుచుండెను. పొలము కొలుచుట, పంట తూచుట, గిడ్డంగికి చేర్చుట, సుంకము చెల్లిన పిమ్మటనే వర్తకునకు విడుచుట అచ్చటి యేర్పాటు. మదరాసులో అంతటి కట్టుదిట్టము తొలుత లేకుండెను. సంఘము సూచనల తరువాతి కాలములో ఇచ్చటను సాగునకు లైసెన్సు, సరకునకు గిడ్డంగి, తూకమును బట్టి సుంకము అను మార్గము నడచినది.

ఈ పద్ధతిలో గంజాయి చేతులు మారు ప్రతిచోట ఒక కాగితము, ఒక తూకము ఉండును. రైతునకు సాగు లైసెన్సు. గిడ్డంగిలో మణుగుల లెక్క. వర్తకునకు రవాణా పర్మిట్టు. చిల్లర దుకాణమునకు వేలములో పాడుకొన్న హక్కు. కొనువానికి కొద్ది తులముల హద్దు. కోయంబత్తూరులోనో మధురలోనో దుకాణమున కొనబడిన పొట్లము యొక్క పుట్టుపూర్వోత్తరములను తాలూకా కచేరీ కాగితములలో వెదకవచ్చును.

ఇందలి దోషములును కలవు. వేలములో హెచ్చుగా పాడినవాడు ఆ సొమ్ము రాబట్టుకొనుటకు హెచ్చుగా అమ్మజూచును. ప్రజల యారోగ్యము ఒక వంక, ఖజానా యొక వంక లాగుచుండగా సర్కారు రెండవదానికి లొంగుట సహజము. కల్లు సారాల విషయమున ఈ సత్యము దేశమంతటికి అనుభవమే. జాతీయోద్యమము ఆబ్కారి రాబడిని పాపపు సొమ్మని నిందించుటకు కారణమిదే. కావున లైసెన్సు యుగమును స్వర్ణయుగమని కొనియాడుట మా యభిప్రాయము కాదు. ఆ పద్ధతిలో రైతును, వర్తకుని, వాడుకరిని వేర్వేరుగ చూడగల వివేకము ఉండెననుటయే చెప్పదలచినది.

5. జెనీవా నుండి సేలమునకు

1925 ఫిబ్రవరిలో జెనీవాలో కుదిరిన నల్లమందు ఒడంబడికలో, ఈజిప్టు దేశపు పట్టుదల వలన, గంజాయి కూడ చేర్చబడినది. ఒక దేశపు చట్టము ఇతరదేశముల సమ్మతికి లోబడు కాలము అప్పుడు మొదలైనది. 1930లో భారతదేశమునకంతకు ప్రమాదకర ఔషధముల చట్టము వచ్చినది.

మన రాజధానిలో పెద్దమార్పు 1937లో కలిగినది. రాజాజీ ప్రధానిగా నున్న మంత్రివర్గము మద్యనిషేధ చట్టమును తెచ్చి, ఆ సంవత్సరము అక్టోబరు 1న కోయంబత్తూరునకు పొరుగైన సేలము జిల్లాలో అమలుపరచెను. మరుసటి యేడు తెలుగుజిల్లాలైన చిత్తూరు, కడపలకును, 1939లో ఉత్తర ఆర్కాడునకును అది విస్తరించెను. స్వాతంత్ర్యానంతరము 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతట అమలైనది. ఆ చట్టము మద్యమునకే కాక మత్తుమందులకు కూడ వర్తించునట్లు వ్రాయబడినది. గాంధీమహాత్ముని యాశయము దానికి ప్రాణము. తాగుబోతు భర్తల చేత నలిగిన యిల్లాండ్ర కన్నీరు దానికి సాక్ష్యము. ఆ యాశయమును చులకన చేయువాడు చరిత్ర తెలియనివాడు.

అయితే చట్టము యొక్క ప్రశ్న మారిపోయినది. “ఎంత యున్నది?” అను ప్రశ్న పోయి “ఉన్నదా, లేదా?” అను ప్రశ్న వచ్చినది. సహించి అదుపుచేయుట అను భావము పోయి, నిర్మూలించుట అను భావము వచ్చినది. నిషేధమును గూర్చిన వివాదము ఎంత తీవ్రమైనదో తెలుగువారికి ప్రత్యేకముగ తెలియును. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఆంధ్రశాసనసభలో పడిపోయినది ఈ నిషేధవిషయము మీదనే.

6. 1961, 1985

1961లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున మాదకద్రవ్యముల ఏకైక ఒడంబడిక కుదిరినది. వైద్య, శాస్త్ర ప్రయోజనములకు తప్ప గంజాయి వాడుకను మాన్పింపవలెనని అది విధించినది. చిరకాలపు వాడుక గల దేశములకు ఒడంబడిక అమలులోనికి వచ్చినది మొదలు ఇరువదియైదేండ్ల గడువు ఒసగినది. అది 1964 డిసెంబరులో అమలులోనికి వచ్చినది. పూకొనలతో చేరని ఆకును, గింజను గంజాయి నిర్వచనమునుండి మినహాయించినది. మన దేశమున హోలీ, శివరాత్రులకు ఉత్తరాదివారు త్రాగు భంగునకు చట్టపు నీడ దొరకినది ఈ మినహాయింపు వలననే.

గడువు ముగియవచ్చుచుండగా భారతపార్లమెంటు 1985లో మాదకద్రవ్యముల, మానసికప్రభావ పదార్థముల చట్టమును చేసినది. అది ఆ సంవత్సరము నవంబరు 14 నుండి అమలులోనికి వచ్చినది. గంజాయి, చరసులను అది నిషేధించినది. భంగును రాష్ట్రముల యిష్టమునకు విడిచినది. ఆకు త్రాగినవానిని వదలి పువ్వు పీల్చినవానిని పట్టుకొను ఈ భేదము ఉత్తరదేశపు ఆచారమును కాపాడినది. దక్షిణదేశమున పొగగా పీల్చు అలవాటు గలవానిని నేరస్థునిగా చేసినది.

నేడు అమలులో నున్న నియమములను పాఠకులు తెలిసికొనియుండుట మేలు. 2001 నాటి ప్రకటన ప్రకారము గంజాయిలో ఒక కిలో వరకు స్వల్పపరిమాణము. ఇరువది కిలోలు మొదలు వాణిజ్యపరిమాణము. చరసులో ఇవి వరుసగా నూరు గ్రాములు, ఒక కిలో. స్వల్పపరిమాణము దొరకినచో ఒక సంవత్సరము వరకు ఖైదు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. నడిమి పరిమాణమునకు పదేండ్ల వరకు ఖైదు, లక్ష వరకు జరిమానా. వాణిజ్యపరిమాణమునకు పదేండ్లకు తక్కువ కాకుండ ఇరువదియేండ్ల వరకు ఖైదు, లక్షకు తక్కువ కాని జరిమానా. ఏమియు చేతలేక కేవలము పీల్చినట్లు రుజువైనను ఆరు నెలల వరకు ఖైదు గాని, పదివేల వరకు జరిమానా గాని, రెండును గాని కలుగవచ్చును.

అదే చట్టములో 64ఎ అను విధి కలదు. వ్యసనపరుడు స్వల్పపరిమాణపు నేరములోగాని, వాడుక నేరములోగాని చిక్కినప్పుడు, తానై ముందుకు వచ్చి గుర్తింపు గల వైద్యశాలలో చికిత్స పొందినచో విచారణ నుండి రక్షణ కలదు. చికిత్స మధ్యలో విడిచినచో ఆ రక్షణ పోవును. పరువు పోవునను భయముచే బిడ్డను దాచిపెట్టు తల్లిదండ్రులు ఈ విధిని తెలిసికొనియుండవలెను.

గమనింపుడు: 1985 చట్టము కూడ తక్కెడను విడువలేదు. 1886 చట్టమునకు దీనికి గల భేదమొకటే. ఆనాడు చిన్నతూకము నేరము కాదు. ఈనాడు చిన్నతూకము చిన్ననేరము.

7. ఒక కిలో, అనేక రాజ్యములు

తక్కెడ ఒక్కొక్క దేశమున ఒక్కొక్క రీతిగ మొగ్గుచున్నది. ఉరుగ్వే 2013లో చట్టము చేసి గంజాయిని సర్కారు అదుపులో అమ్మించుటకు పూనుకొన్నది. కెనడా 2018 అక్టోబరు 17 నుండి పెద్దలకు ముప్పది గ్రాముల వరకు వెంట నుంచుకొనుటకు అనుమతించినది. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుండి బయట ఇరువదియైదు గ్రాములు, ఇంట ఏబది గ్రాములు, మూడు మొక్కలు అని హద్దు పెట్టినది. మన పాత కొలతలో ఇరువదియైదు గ్రాములనగా రెండు తులములకు కొంచెము మించును. థాయిలాండు 2022లో పూర్తిగ విప్పివేసి, మూడేండ్లకే చిక్కులుపడి, 2025లో వైద్యుని చీటీ లేనిదే పూకొనలను అమ్మరాదని మరల బిగించినది. ఇది తొందరపడువారికి హెచ్చరిక.

మనవారు పెక్కుమంది నివసించు సింగపూరులో అయిదువందల గ్రాములకు మించిన గంజాయి అక్రమ వ్యాపారమునకు ఉరిశిక్ష విధింపవచ్చును. 2023 ఏప్రిల్‌లో కిలోకు కొంచెము మించిన గంజాయి విషయమున ఒక తమిళుడు అచ్చట ఉరితీయబడెను. ఒక కిలో! కోయంబత్తూరులో అది స్వల్పపరిమాణపు తుదిహద్దు, బెర్లినులో అనుమతికి నలుబది రెట్లు, సింగపూరులో మరణము. ఆకు మారలేదు, మనిషి మారలేదు; మారినది రాజ్యపు సరిహద్దు. అమెరికాలో పెక్కు రాష్ట్రములు అనుమతించినను కేంద్రచట్టము నిషేధించుచునే యున్నది గనుక, పౌరసత్వము లేని మన విద్యార్థికి రాష్ట్రపు దుకాణములో కొన్న పొట్లము వీసాకు ముప్పు తేగలదు. ఈ సంగతి ప్రయాణమునకు ముందే పిల్లలకు చెప్పవలసినది.

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యముల సంఘము గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పట్టికనుండి తొలగించినప్పుడు భారతదేశము అనుకూలముగ ఓటు వేసినది. ఆ తీర్మానము 27 ఓట్లతో నెగ్గినది, ఎదిరించినవారు 25. దీనివలన వైద్యపరిశోధనకు త్రోవ తెరచినదే కాని, సొంత వాడుకకు అనుమతి రాలేదు. మన దేశములో ఉత్తరాఖండము 2018 నుండి మత్తు మిక్కిలి తక్కువగు నార జనుమునకు లైసెన్సు ఇచ్చుచున్నది. హిమాచలప్రదేశ శాసనసభ 2024లో ఔషధ, పారిశ్రామిక ప్రయోజనములకై సాగునకు అనుకూలముగ తీర్మానించినది.

8. నేటి త్రోవ

ఆనాడు దగ్గుబాడు నుండి పర్మిట్టుతో వచ్చిన సరకు నేడు విశాఖ మన్యమునుండియు, దాని నానుకొనిన ఒడిశా కొండలనుండియు దొంగచాటుగ దక్షిణమునకు వచ్చుచున్నది. బయటి వ్యాపారులు బయానా ఇచ్చి విత్తనము చేతబెట్టగా, మరియొక పంటకు ధర దొరకని గిరిజనరైతు దానిని నాటుచున్నాడు. 2021లో ఆంధ్రప్రదేశ పోలీసులు “పరివర్తన” యను పేర వేల యెకరముల తోటలను నరికివేసిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి యొద్ద సుమారు రెండు లక్షల కిలోల సరకును తగులబెట్టిరి. ఇచ్చట తమిళనాడు పోలీసులు 2021 డిసెంబరులో “గంజా వేట” ఆరంభించిరి.

ఇంత పట్టుదలతో వేటాడినను సరకు ఆగలేదు. 2019లో వెలువడిన కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ వారి సర్వే ప్రకారము, పది మొదలు డెబ్బదియైదేండ్ల వయస్సు గలవారిలో నూటికి 2.8 మంది, అనగా సుమారు మూడు కోట్ల పదిలక్షల మంది, అంతకుముందు సంవత్సరములో ఈ మొక్క సరకును వాడిరి. వారిలో భంగు త్రాగువారే యెక్కువ; గంజాయి, చరసు పీల్చువారు నూటికి 1.2. ఇందరిని చెరలో నుంచు రాజ్యము లేదు. ఎవడు చిక్కునో వాడే శిక్ష పొందును. చిక్కువాడు సామాన్యముగ మూట మోయువాడు, తోట నాటినవాడు, సందులో పీల్చు కుర్రవాడు. బయానా ఇచ్చినవాడు అరుదుగ చిక్కును. లైసెన్సు కాలమున ప్రతి చేతిమార్పునకు కాగితము ఉండుటచే త్రోవ తెలిసెడిది. నేడు త్రోవ చీకటి.

అట్లని గంజాయిని నిరపాయమని చెప్పుట మహాదోషము. 1894 సంఘమునకు తెలియని సంగతులు నేడు మనకు తెలియును. మెదడు ఇరువదియైదేండ్ల ప్రాయము వరకు ఎదుగుచునే యుండును; కౌమారమున మొదలిడిన వాడుక జ్ఞాపకశక్తికి, చదువునకు హాని. వాడుకరులలో పదిమందికి ఇంచుమించు ఒకడు వ్యసనమునకు లోనగును. నేటి సరకులో మత్తుపదార్థము పూర్వముకంటె హెచ్చు. అట్టి ఘాటుసరకును నిత్యము వాడువారిలో తీవ్రమైన మనోవ్యాధి యవకాశము అధికమని పరిశోధనలు చెప్పుచున్నవి.

9. చరిత్ర చెప్పు తీర్పు

ఈ నూటనలుబది యేండ్ల చరిత్రను కలిపి చూచినచో మాకు తోచునది యిది. మూడు భేదములను పాటించినంతకాలము చట్టము మనుష్యులకు అర్థమైనది. వానిని విడిచినప్పుడు కరకుగను, నిష్ఫలముగను మారినది. మొదటిది పరిమాణభేదము: జేబులోని పొట్లము, లారీలోని బస్తా ఒకటి కావు. రెండవది ఉద్దేశభేదము: వాడువాడు రోగియో అవివేకియో కావచ్చును, అమ్మువాడు లాభకాముడు. మూడవది వయోభేదము: పెద్దవాని యిచ్ఛ వేరు, పిల్లవాని మెదడు వేరు. పాత ఆబ్కారి మొదటి రెండింటిని ఎరిగి మూడవదానిని లెక్కచేయలేదు. పైగా రాబడికి ఆశపడినది. నేటి చట్టము మొదటిదానిని శిక్షాభేదముగ మాత్రమే యుంచుకొన్నది.

కావున మా యభిప్రాయము దుకాణములు తెరువవలెనని కాదు. థాయిలాండు అనుభవమును, మన వేలముల యనుభవమును చూచిన పిమ్మట సర్కారును మరల గంజాయి వర్తకునిగా చేయుట వివేకము కాదు. పెద్దవారి యొద్ద సొంతమునకు దొరకిన కొద్ది పరిమాణమును నేరముల పట్టికనుండి తొలగించి, చెరసాలకు బదులు వైద్యశాల త్రోవను చూపుట. ఆ పరిమాణమును కిలోతో కాక గ్రాములతో నిర్ణయించుట. పిల్లలకు అమ్మువానికి, మత్తులో బండి నడుపువానికి శిక్షను తగ్గింపకుండుట. మన్యపు రైతునకు కాఫీ, మిరియముల వంటి వేరు పంటను, దానికి ధరను కల్పించుట: ఈ నాలుగును కలిసి నడిచినచో మేలు కలుగునని తోచుచున్నది. ఇందు మొదటి మూడు పార్లమెంటు పని. నాలుగవది ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వముల పని.

మన పని యొకటి మిగిలినది. కోయంబత్తూరు, మధురల తెలుగువారము “ఆంధ్రా గంజాయి” యను మాటకు నొచ్చుకొని ఊరకుండుట చాలదు. దగ్గుబాడు రైతు లైసెన్సుతో పండించినప్పుడు ఆ మాట నింద కాలేదు. చట్టము మారినది, సరకు చాటునకు పోయినది, పేరు మాత్రము పల్లెకును భాషకును అంటుకొన్నది. నింద మొక్కది కాదు, భాషది కాదు. చీకటిలో లాభము పొందువానిది. ఆ భేదమును మన పొరుగు తమిళసోదరులకు ఓర్పుతో విప్పిచెప్పవలెను. మన యింట ఒక బిడ్డ ఈ త్రోవ పట్టినచో వానిని దాచక, తరిమివేయక, చికిత్సకు తీసికొనిపోవలెను. తక్కెడ చట్టము చేతిలో నున్నను, దానిలో దయను వేయుట మన చేతిలో నున్నది.